అమ్మ, మనవడు, గరాజ్‌లో గంజాయి

తెలుగు బి.ఏ. చదువుకున్న నాకు గంజాయి ఒక సామెతగానే తెలుసు. గంజాయి వనంలో తులసి మొక్క అని. చెడ్డవాళ్ళ మధ్య ఒక మంచివాడుంటే వాడి గురించి అంటాం. రెండూ పక్కపక్కన పెరగడం నిజంగా ఎక్కడైనా జరుగుతుందా అని ఎప్పుడూ ఆలోచించలేదు. పోయిన వేసవిలో మా పెరట్లోనే జరిగింది. కంచె పక్కన, రోజంతా ఎండ తగిలే చోట, నా తులసి కుండీ ఒకటి, దాన్ని ఆనుకుని మా అబ్బాయి గంజాయి కుండీలు మూడు.

కంగారు పడకండి. మేముండేది కెనడాలో, ఒంటారియోలో. ఈ దేశంలో 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి చట్టబద్ధం. మా ప్రావిన్సులో 19 ఏళ్ళు నిండినవాళ్ళు లైసెన్సున్న దుకాణంలో కొనుక్కోవచ్చు. ఇంటికి నాలుగు మొక్కల వరకు పెంచుకోవచ్చు. మనిషికి నాలుగు కాదు, ఇంటికి నాలుగు. బయట తిరిగేటప్పుడు మనిషి దగ్గర 30 గ్రాముల ఎండు సరుకుకి మించి ఉండకూడదు. దేశం సరిహద్దు దాటించడం మాత్రం నేరం, పక్కనున్న అమెరికాకైనా సరే. ఇదే మొక్క పూతకి మన దేశంలో 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం ప్రకారం జైలు. ఇదే మొక్కకి ఆయుర్వేదంలో 'విజయ' అని పేరు. ఒకే మొక్క ఒక చోట మందు, ఒక చోట నేరం, ఇంకో చోట పెరటి మొక్క.

మా వాడికి 22 ఏళ్ళు. తోటల పెంపకం మీద కోర్సు చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచీ వాడికి మట్టి పిచ్చి. నా గోంగూర, ఆనప తీగ, కరివేపాకు కుండీ అన్నీ వాడి చేతి మీదే బతుకుతున్నాయి. కరివేపాకుని సెప్టెంబరులో లోపలికి తెచ్చి, మేలో బయట పెట్టి, పదేళ్ళుగా కాపాడుతున్నది వాడే. మే నెలలో ఒక రోజు భోజనాల దగ్గర, "అమ్మా, ఈసారి గంజాయి పెంచుతాను. చట్టం ఒప్పుకుంటుంది. మీకు చెప్పకుండా చేయడం ఇష్టం లేక అడుగుతున్నాను" అన్నాడు. అప్పుడప్పుడు శనివారాలు స్నేహితులతో తాగుతానని కూడా చెప్పాడు. మావారు చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయారు. వద్దని అనలేదు, సరే అనీ అనలేదు.

నేను మూడు షరతులు పెట్టాను. మా చిన్నదానికి పద్నాలుగేళ్ళు, దాని కంట పడకుండా తాళం వేసి ఉంచాలి. తాగిన రోజు కారు తాళాలు ముట్టుకోకూడదు. ఎంత పండింది, ఎంత మిగిలింది, అన్నీ కాగితం మీద రాసి నాకు చూపించాలి. వాడు మూడింటికీ తలూపాడు. నిజం చెప్పొద్దూ, బయట ఎవరి గదిలోనో చాటుగా ఉండే కంటే నా కళ్ళ ముందు కుండీలో ఉండటమే నయమనిపించింది.

మొక్కలు ఆగస్టుకి కంచె ఎత్తు పెరిగాయి. సెప్టెంబరులో పూత మీద మంచు చల్లినట్టు తెల్లటి నూగు వచ్చింది. అది జిగురు. మొక్కలో మత్తంతా అందులోనే ఉంటుందట. వాసన మాత్రం చెప్పక్కర్లేదు. మొదటిసారి పెరట్లోకి స్కంక్ వచ్చిందనుకుని తలుపులన్నీ వేశాను. సెప్టెంబరు చివర్లో వరసగా వానలు పడ్డాయి. ఒక మొక్కలో లావుపాటి పూగుత్తులు లోపల్నుంచి బూడిద రంగుకి తిరిగాయి. స్ట్రాబెర్రీల మీద, ద్రాక్ష మీద వచ్చే బూజు తెగులే అది. పైకి బాగానే కనిపిస్తుంది, గుత్తి విప్పితే లోపల పుచ్చు. ఆ మొక్క మొత్తం తీసి పారేశాడు. మిగిలిన రెండింటినీ అక్టోబరు రెండో వారంలో, గట్టిగా మంచు పడేలోపల కోసేశాడు.

అసలు కథ కోత తర్వాతే మొదలైంది.

ఇంట్లో ఆరబెడితే ఆ వాసన మేడ మీద పడకగదుల దాకా వస్తుంది, చిన్నది కూడా ఉంది. అందుకని గరాజ్ ఒకటే దారి. కారు బయట పెట్టి, కొమ్మలని తలకిందులుగా తీగకి వేలాడదీశాడు. అక్టోబరులో మా గరాజ్ ఎలా ఉంటుందంటే, పగలు పది డిగ్రీలు, రాత్రి అయిదు. తేమ కొలిచే చిన్న గడియారం ఒకటి పెట్టాడు. అది 82, 85 చూపిస్తోంది. ఆరు రోజులైనా కొమ్మ వంచితే వంగుతోంది తప్ప విరగడం లేదు.

మన వాళ్ళకి చల్లగా ఉంటే ఎండదని తెలుసు గానీ ఎందుకో అంతగా ఆలోచించం. మాకెప్పుడూ ఎండే కదా! వాడు నాకు వివరించి చెప్పాడు. చల్లటి గాలి ఎక్కువ నీటిని పట్టుకోలేదు. అందుకే కొంచెం నీరున్నా అది నిండిపోయినట్టే. నిండిన గాలి ఆకు నుంచి ఇంకా నీరు తీసుకోదు. అలాగని మరీ వేడి పెడితే పైన పెళుసెక్కి లోపల తడి మిగిలిపోతుంది, సువాసననిచ్చే నూనెలు ఎగిరిపోతాయి, పచ్చిగడ్డి వాసన నిలిచిపోతుంది. పదిహేను నుంచి ఇరవై డిగ్రీల మధ్య వేడి, యాభై అయిదు అరవై మధ్య తేమ, చీకటి, మెల్లటి గాలి. ఇదీ వాడికి కావలసింది. గరాజ్‌లో చీకటి ఒక్కటే ఉంది.

సరిగ్గా ఆ సమయానికి మా అమ్మ మా ఇంట్లో ఉంది. సెప్టెంబరు చివర్లో వచ్చింది, ఆరు నెలలకి. అమ్మకి డెబ్భై ఏళ్ళు. మాది ప్రకాశం జిల్లా, కందుకూరు వైపు. నాన్న పొగాకు రైతు. వర్జీనియా పొగాకు. మా ఇంటి వెనక రెండు బ్యారన్లు ఉండేవి. మీలో చాలామంది చూసి ఉండరు. పొడుగ్గా, కిటికీలు లేని గదిలా ఉంటుంది. బయట పొయ్యిలో కట్టెలు మండుతుంటే, ఆ వేడి ఇనప గొట్టాల్లోంచి లోపల నేల మీద తిరుగుతుంది. పొగ ఆకుకి తగలదు, వేడి మాత్రమే తగులుతుంది. కర్రలకి కట్టిన ఆకుని అరలు అరలుగా పైదాకా ఎక్కిస్తారు. వారం రోజులపాటు రాత్రీ పగలూ ఎవరో ఒకరు పొయ్యి దగ్గర కాపలా. రాత్రిళ్ళు ఆ కాపలా ఎక్కువగా అమ్మదే.

ఆ రోజు నేను వంటింట్లో ఉన్నాను. ఉన్ని టోపీ, మా ఆయన పాత జాకెట్టు వేసుకుని అమ్మ గరాజ్ తలుపు తీసుకుని వెళ్ళింది, ఉల్లిపాయల కోసం. అయిదు నిమిషాలైనా రాలేదు. వెళ్ళి చూద్దును కదా, మనవడి పక్కన నిలబడి తలెత్తి చూస్తోంది.

"ఏందిరా అబ్బయ్యా, ఇట్టా ఒకదాని మీద ఒకటి ఏలాడదీశావు? గాలి ఎట్టా ఆడుద్ది?"

వాడు నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు.

"గంజాయి, అమ్మమ్మా" అన్నాడు.

అమ్మ ఒక్క క్షణం ఆగింది. "ఈడ పోలీసులు పట్టుకోరా?"

"పట్టుకోరు. నాలుగు మొక్కల దాకా పెంచుకోవచ్చు."

"మాకూ లెక్క ఉండేదిలే, పొగాకు బోర్డోళ్ళు ఎంత పండించాలో చెప్పేవాళ్ళు" అంది అమ్మ. "సరే, ఆ కబుర్లు తర్వాత. ముందు బూజు పట్టకుండా చూడు. పండిన పంట కుళ్ళితే పాపం."

పొగాకు బోర్డు 1976లో గుంటూరు కేంద్రంగా వచ్చింది. మా ఊళ్ళో ప్రతి బ్యారన్‌కీ దాని లైసెన్సు, దాని లెక్క ఉండేవి. అమ్మ దృష్టిలో ప్రభుత్వం అనుమతించి లెక్కపెట్టే ఆకు అంటే అంత వింతేమీ కాదు. నేను ఊహించిన రాద్ధాంతం ఏదీ జరగలేదు.

మర్నాటి నుంచి గరాజ్ ఇద్దరిదీ అయిపోయింది. అమ్మ ముందు కొమ్మల్ని ఒకదానికొకటి ఆనకుండా జానెడు దూరంలో సర్దించింది. పెద్ద ఆకులన్నీ తీయించింది. "ఆకు ఒత్తుగా ఎక్కిస్తే మధ్యలోది ఉడికి నల్లబడుద్ది" అని. గరాజ్ అంతా వేడి చేయడం దండగ అని మా వాడు, మేము ఇల్లు మారినప్పుడు బట్టలు తెచ్చిన పెద్ద అట్టపెట్టె బయటికి తీశాడు. మనిషి నిలబడేంత ఎత్తుంటుంది, లోపల బట్టలు తగిలించే కడ్డీ కూడా ఉంది. అది గరాజ్ లోపలి మూలన, ఇంటి గోడకి ఆనించి పెట్టాడు. పైనా కిందా కన్నాలు చేశాడు. బయట తలుపు కింద సందులో నా పాత బొంత కుక్కాడు. నూనె నింపిన హీటరు ఒకటి ఉంది మాకు. అది పెట్టెలోనే పెడదామన్నాడు.

అమ్మ ఒప్పుకోలేదు. "ఆకు కింద పొయ్యి ఎప్పుడూ పెట్టకూడదు. ఎండిన ఆకు ఒక్కటి గొట్టం మీద రాలితే చాలు. మా పక్కోళ్ళ బ్యారన్ అట్టానే పోయింది, పది నిమిషాలు పట్టలా" అంది. హీటరుని గరాజ్‌లో దూరంగా, అట్టకి గానీ బొంతకి గానీ తగలకుండా పెట్టారు. చిన్న ఫ్యాను గోడ వైపుకి తిప్పారు, పూత మీదకి సూటిగా గాలి కొట్టకుండా.

పొద్దున్న చూస్తే పెట్టెలో పదహారు డిగ్రీలు, తేమ యాభై ఎనిమిది. వేరే యంత్రమేమీ అక్కర్లేకపోయింది. అయిదు డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్న గాలిని పదహారు డిగ్రీలకి వేడి చేస్తే, అందులో నీరు అంతే ఉన్నా, తేమ శాతం సగానికి పడిపోతుంది. కొమ్మల నుంచి వచ్చే తడి కలిసి అది యాభై ఎనిమిది దగ్గర నిలిచింది. చలికాలం ఇంట్లో హీటింగ్ పెట్టగానే మన పెదాలు పగిలేది కూడా ఇందుకేనట. నాకు పదిహేడేళ్ళుగా పెదాలు పగులుతున్నాయి, కారణం ఇప్పుడు తెలిసింది.

ఆ పదకొండు రోజులూ నేను కాఫీ పట్టుకెళ్ళినప్పుడల్లా ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు. అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో, వాడు బోర్లించిన బకెట్ మీద. నాకు తెలియని సంగతులు నేనూ విన్నాను. ఆకు మొదట పచ్చ నుంచి పసుపుకి తిరగాలట. అప్పుడు వేడి తక్కువ, తేమ ఎక్కువ ఉంచాలి, అంటే ఆకు చచ్చిపోకుండా మగ్గాలి. తొందరపడి వేడి పెంచితే పచ్చగానే ఎండిపోతుంది, ఇక దానికి ధర లేదు. చివరికి ఎండేది ఈనె. ఆకు గలగలలాడుతున్నా ఈనెలో తడి ఉంటే బేలులో బూజు పట్టేస్తుంది. అందుకే ఈనె విరిచి చూస్తారు. మొత్తం ఎండాక తలుపులు తీసి రాత్రి చల్లగాలి తగలనిస్తారు, ఆకు కాస్త పదునుకొచ్చి మెత్తబడటానికి. లేకపోతే ముట్టుకుంటే పొడి అయిపోతుంది.

"ఇక్కడా అంతే అమ్మమ్మా, కాడ టప్పున విరగాలి. తర్వాత గాజు సీసాలో పెట్టి రోజూ మూత తీసి గాలి తగలనివ్వాలి. సీసాలో తేమ అరవై దగ్గరుంటే పదును, డెబ్భైకి పోతే మళ్ళీ బయట ఆరబెట్టాలి" అన్నాడు వాడు.

"ఏ ఆకైనా ఒకటేరా" అంది అమ్మ. కాసేపాగి, "మీ తాత నలభై ఏళ్ళు పొగాకు పండించాడు. ఒక్క రోజు సిగరెట్టు ముట్టలా. అడిగితే, అది అమ్మేది, మనం తాగేది కాదు అనేవాడు" అంది. వాడు నవ్వాడు. ఇంకేమీ అనలేదు.

ఇదంతా ఇలా సరదాగా ఉంది కదా. కానీ ఇంట్లో ఇంకొక మనిషి ఉన్నారు. మావారు ఆ రోజుల్లో కొడుకుతో మాట్లాడటం మానేశారు. ఆఫీసు గదిలోంచి భోజనానికి రావడం, తినడం, వెళ్ళడం. మొదటి రోజు గరాజ్ తలుపు తీసి, గంజాయి కింద కుర్చీలో అత్తగారిని చూసి అలాగే తలుపు వేసేశారు. ఇంకో రోజైతే నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని. ఆ ముఖం చూశాక నవ్వు రాలేదు.

ఎందుకో నాకు తెలుసు. మా అబ్బాయికి తెలియదు.

మావారికి ఒక తమ్ముడున్నాడు. మా అబ్బాయికి బాబాయి. 1999లో నేను కోడలిగా వెళ్ళేసరికి అతను ఇంట్లోనే ఒక గదిలో ఉండేవాడు. చదువు ఎక్కువై నరాలు బలహీనపడ్డాయి అని నాకు చెప్పారు. మూడేళ్ళ ముందు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో, హాస్టల్లో ఉండగా మొదలైందట. ఎవరో వెంటాడుతున్నారని రాత్రుళ్ళు నిద్రపోకుండా ఉండేవాడట. గోడల్లోంచి మాటలు వినిపిస్తున్నాయనేవాడట. అన్నగారే వెళ్ళి ఇంటికి తీసుకొచ్చారు. అతని పెట్టెలో గంజాయి పొట్లాలు దొరికాయి. వాటిని ఎవరికీ చెప్పకుండా కాలవలో పారేసింది కూడా ఆయనే. ఇది నాకు పెళ్ళయిన అయిదారేళ్ళకి, ఒక రాత్రి, ఆయనే చెప్పారు. ఇంకెవరికీ అననని మాట తీసుకున్నారు. మా అత్తగారి దగ్గర ఆ ప్రసక్తి రాకూడదు. ఆడపిల్ల పెళ్ళి కావలసి ఉంది, పరువు ఉంది, అన్నీ ఉన్నాయి. 2006లో మేము ఇక్కడికొచ్చేశాం. పిల్లలకి బాబాయి అంటే ఫోన్‌లో మెల్లగా మాట్లాడే, ఎక్కువగా నవ్వని ఒక మనిషి, అంతే.

కొనే ప్యాకెట్ మీద ఇక్కడ పసుపు రంగు పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. ఇది తరచుగా వాడితే మతిభ్రమ, స్కిజోఫ్రెనియా వచ్చే ప్రమాదం పెరుగుతుందని రాసి ఉండే ప్యాకెట్లూ ఉన్నాయి. రక్తసంబంధీకుల్లో అలాంటి జబ్బున్నవాళ్ళు అసలు దీని జోలికి పోవద్దని కెనడా ఆరోగ్య శాఖ సలహా. ఇంట్లో పండించుకున్న సీసా మీద మాత్రం ఏ హెచ్చరికా ఉండదు. ఉన్నా అది అందరికీ రాసే హెచ్చరికే. మన రక్తంలో ఏముందో ఏ ప్రభుత్వం రాయగలదు? ఆ సంగతి ఇంట్లోవాళ్ళే చెప్పాలి.

ఆ రాత్రి మావారితో ఈ మాటే అన్నాను. "మీరు కోపంగా ఉన్నారని వాడు అనుకుంటున్నాడు. మీరు భయపడుతున్నారని వాడికి తెలియదు. వాడు అడిగి పెంచాడు, మనకి చెప్పి పెంచాడు. ఇప్పుడు చెప్పాల్సిన వంతు మనది." ఆయన పక్కకి తిరిగి పడుకున్నారు. నిద్రపోలేదు.

తర్వాతి రోజు సాయంత్రం గరాజ్‌లో అమ్మ ఒక కాడ విరిచి చూస్తోంది. వంగి, సగం విరిగి, పీచు పట్టుకుని వేలాడింది. "ఇంకో రెండ్రోజులు" అంది. అప్పుడే మావారు వచ్చారు. నిలబడటానికి చోటు లేదు. మూలనున్న పెయింటు డబ్బా లాక్కుని కూర్చున్నారు. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నారు, చలికి అన్నట్టు.

"మీ బాబాయికి ఏమైందో నీకు తెలుసా?" అన్నారు.

అరగంట పైనే మాట్లాడారు. ఆయన అంతసేపు ఒకే విషయం మాట్లాడటం నేను తక్కువ సార్లు చూశాను. హాస్టల్ గది, రైల్లో తమ్ముణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టకుండా తెచ్చిన సంగతి, మొదటి డాక్టరు, రెండో డాక్టరు, గుళ్ళు, తాయెత్తులు. మందులు వేసుకున్న నెలల్లో తమ్ముడు మళ్ళీ మామూలుగా పేకాడిన రోజులు. మందులు మానేసిన రోజులు. అమ్మ తలొంచుకుని ఆ విరిగిన కాడనే తిప్పుతూ కూర్చుంది. మావాడు కదల్లేదు.

చివరికి అడిగాడు. "నాన్నా, బాబాయికి గంజాయి వల్లే వచ్చిందా?"

ఇక్కడ మావారు అవును అనేస్తే పని సులువయ్యేది. కానీ ఆయన అబద్ధం చెప్పలేదు. "అలా ఏ డాక్టరూ చెప్పలేదురా. రావలసింది ఎలాగూ వచ్చేదేమో. నెమ్మదిగా వచ్చేదేమో. అసలు రాకపోయేదేమో. అది తాగినవాళ్ళు వాడి గదిలో ఇంకా ఇద్దరున్నారు, వాళ్ళిద్దరూ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాడికి మాత్రం అగ్గికి ఆజ్యం పోసినట్టయింది. నువ్వు ఆ ఇద్దరి లాంటివాడివో, వాడి లాంటివాడివో నాకు తెలియదు. తెలుసుకోవడానికి పరీక్ష లేదు. అదీ నా భయం."

ఎవరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అమ్మ లేచింది. లేస్తూ అల్లుడి భుజం మీద చెయ్యి వేసింది. మా వైపు అత్తగారు అల్లుణ్ణి అలా తాకడం అలవాటు లేదు. "లోపలికి రా నాయనా, చలి" అంది.

రెండు రోజుల తర్వాత కాడలు టప్పున విరిగాయి. రెండు మొక్కల పూత తూస్తే 190 గ్రాములు. పచ్చిగా ఉన్నప్పుడు దానికి నాలుగింతలుంది. అయిదు గాజు సీసాల్లో ముప్పాతిక వంతు నింపి, ఒక్కోదానిలో తేమ కొలిచే చిన్న బిళ్ళ వేసి, తాళం వేసే పెట్టెలో పెట్టాడు. తారీఖు, బరువు రాసిన కాగితం ఫ్రిజ్ మీద కాకుండా నా బీరువా తలుపుకి లోపలివైపు అంటించాడు. నేను పెట్టిన షరతు ప్రకారమే. మొదటి రెండు వారాలూ రోజూ మూత తీసి గాలి తగలనిచ్చాడు. ఒక సీసాలో తేమ అరవై ఎనిమిది చూపిస్తే మళ్ళీ అట్టపెట్టెలో ఒక పూట ఆరబెట్టాడు. అమ్మ వాసన చూసి, "ముక్కిన వాసన లేదు. బాగా మగ్గింది" అని పాసు మార్కులేసింది.

వాడు ఏం నిర్ణయించుకున్నాడో వెంటనే చెప్పలేదు. నేనూ అడగలేదు. కంప్యూటర్ ముందు రాత్రుళ్ళు చదువుతూ కనిపించేవాడు. నెల తర్వాత నా దగ్గరికొచ్చి, "ఇప్పటికైతే నేను తాగనమ్మా. పాతికేళ్ళు దాటాక డాక్టరుని అడిగి ఆలోచిస్తాను" అన్నాడు. 'ఇప్పటికైతే' అన్న మాట నేను విన్నాను. దాన్ని పట్టుకుని లాగలేదు. ఇరవై రెండేళ్ళవాడు తనంతట తాను అన్న 'ఇప్పటికైతే', మనం ఒట్టేయించుకున్న 'ఎప్పటికీ' కన్నా గట్టిదని నా నమ్మకం. నమ్మకమే, హామీ కాదు. సీసాలు రెండు తన స్నేహితులకిచ్చాడు, వాళ్ళ వయసూ ఇంటి సంగతీ అడిగి మరీ. మూడు పెట్టెలోనే ఉన్నాయి. కాగితం మీద బరువు మారలేదు. నేను చూడటం మానలేదు కూడా.

చిన్నదానికి కూడా చెప్పాం. అంతా కాదు, దాని వయసుకి తగ్గట్టు. అది అన్నింటికీ బుద్ధిగా తలూపి, "అయితే మన తులసి గంజాయి వనంలో తులసి అన్నమాట" అంది. తెలుగు రాదనుకున్న పిల్లకి సామెత వచ్చినందుకు సంతోషించాలో ఏమో నాకు తెలియలేదు.

ఇప్పుడు ఆదివారాలు మా ఇంట్లో ఒక కొత్త పని ఉంది. పొద్దున్నే, అక్కడ సాయంత్రం అయ్యేసరికి, మా అబ్బాయే బాబాయికి వీడియో ఫోన్ చేస్తాడు. మొదటిసారి ఇద్దరికీ మాటలు దొరకలేదు. "మందులేసుకున్నావా బాబాయ్?" అని మా వాడు అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి, "వేసుకున్నా. నన్ను ఆ మాట అడిగేది మీ నానమ్మ ఒక్కతే" అన్నాడట. రెండో వారం వాడు కరివేపాకు కుండీ చూపించాడు. మూడో వారం ఆయనే, ఆకులకి మచ్చలున్నాయి, వేపనూనె కొట్టమని చెప్పాడు. మావారు వెనక నిలబడి వింటారు. ఇన్నేళ్ళూ ఆయన తమ్ముడి పేరు భోజనాల బల్ల దగ్గర ఎత్తేవారు కాదు. ఇప్పుడు "మా వాడికి చిన్నప్పుడు గోంగూర పచ్చడంటే ప్రాణం" లాంటి మాటలు వాటంతట అవే వస్తున్నాయి.

అమ్మ మార్చిలో ఊరెళ్ళింది. పెట్టె సర్దేటప్పుడు సూట్‌కేసుని గరాజ్ దరిదాపుల్లోకి రానివ్వలేదు. "ఈడ చట్టం ఈడే ఉంటది, ఒంగోల్లో నన్ను ఎవురు ఇడిపిస్తారు?" అని. స్వెట్టర్లు కూడా రెండుసార్లు ఉతికించింది, వాసన ఉందేమోనని. మొన్న ఫోన్ చేసి మనవణ్ణి అడిగింది, ఈ ఏడు ఏం వేస్తున్నావురా అని. మిరప వేస్తానన్నాడు. "మిరపైతే ఎండలో పెట్టాల్సిందే, ఆ చలిగదిలో కాదు" అంది అమ్మ. తర్వాత ఇద్దరూ అరగంట సేపు మిరపకాయలు ఎప్పుడు కోయాలో మాట్లాడుకున్నారు.